చిన్నమ్మ, నడిమి స్కోరు

చిన్నమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కారఖానాలో మరమగ్గాల మధ్య ఉన్నాను. ఆ చప్పుడులో మాట వినపడక బయటికి వచ్చి, ఆసుపత్రి నంబరుకు తిరిగి నేనే చేశాను. ఎత్తినాయన ఆమె పేరు, మంచం నంబరు చదివి, "ఆఫ్ హో గయే" అన్నాడు. సూరత్‌లో మనిషి పోతే అలాగే అంటారు. శవాన్ని సాయంత్రం దాకా ఇవ్వరట. సరే అన్నాను. లోపలికి వెళ్లి పాళీ, అంటే నా షిఫ్టు, అయ్యేదాకా మగ్గాలు నడిపాను. ఎలా నడిపావని తర్వాత కొందరు అడిగారు. తెలియదు. చేతులు నడిపాయి.

సాయంత్రం ముఖం కూడా చూపించలేదు. ప్లాస్టిక్‌లో చుట్టి ఉంది. ఆ చుట్టిన తీరు చూసి కోపం వచ్చింది. బట్ట తానును కట్టేవాడు కూడా అంతకంటే శుభ్రంగా కడతాడు. ఆ రోజు నాలో కదిలింది ఆ కోపం ఒక్కటే. మిగతాదంతా మొద్దుబారింది, ఇప్పటికీ అలాగే ఉంది. చదివేవాళ్లు ఏడవాలని నేనిది రాయడం లేదు. నాకే ఏడుపు రాలేదు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చింది. బాబాయి నేను రాకముందే పోయాడు. పిల్లలు లేరు. పదో తరగతి తప్పి నేను మగ్గం పనికి దిగితే, డిండోలిలో మేడ మీదున్న తన ఒక్క గదిలో నాకు చోటిచ్చింది. వచ్చిన రోజే చెప్పింది: "గీ గోడ నాది, గా గోడ నీది. నడుమ పొయ్యి. పొయ్యి దగ్గర కొట్లాడుకుందాం."

ఆమె పని చీరల దారాలు కత్తిరించడం. మార్కెట్ నుంచి మూటలు వచ్చేవి. ఎంబ్రాయిడరీ మెషీన్ ఒక పువ్వు కుట్టి ఇంకో పువ్వుకు దూకేటప్పుడు చీర వెనక పొడుగు దారం వదిలేస్తుంది. దాన్ని బట్టకు గాటు పడకుండా కత్తిరించాలి. తన గోడకు ఆనుకొని, కాళ్లు చాపుకొని, ఒళ్లో చీర వేసుకొని రోజంతా అదే పని. గదిలో ఎప్పుడూ రంగురంగుల నూగు ఎగిరేది. అన్నంలో దారం ముక్క వస్తే, "జరీ అచ్చిందా, సాదా అచ్చిందా?" అని అడిగేది. జరీ వస్తే, "నీ నసీబు మంచిగున్నది, తిను" అనేది.

కంప్యూటర్ ఆ గదిలోకి రావడం నా వల్లే. మూతబడిన ఏదో ఆఫీసు సామాన్లు అమ్మేవాడి దగ్గర పాతది కొన్నాను. చీరల మీద వేసే ప్రింటు డిజైన్లు నేర్చుకోవాలని. మగ్గం మీద నాకు ఏ ప్రేమా లేదు. మగ్గం సంగీతం గురించి రాసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఒక్క పాళీ దాని పక్కన నిలబడి, ఆ తర్వాత రాయమనండి. మా కారఖానాలో నలభై దాటినవాడికి రెండోసారి చెప్తే గాని మాట వినపడదు. నాకది వద్దు. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

కంప్యూటర్ కొన్న కొన్నాళ్లకే లాక్‌డౌన్ వచ్చి కారఖానాలు మూతబడ్డాయి. మావాళ్లు దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. చిన్నమ్మ కదలలేదు. "ఊళ్లె మనకేమున్నది? గీడ గోడన్న ఉన్నది" అంది. మూటలు కూడా ఆగిపోయాయి. ఆమెకు కత్తిరించడానికి దారం లేదు, నాకు నడపడానికి మగ్గం లేదు. ఫోన్లో వీడియోలు చూసి డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. పెద్ద ఫైలు తెరిస్తే కంప్యూటర్ ఆగిపోయేది. తప్పు నాదా, మెషీన్‌దా తెలుసుకోవడానికి, స్కోరు చెప్పే పరీక్ష ప్రోగ్రాం ఒకటి వేశాను.

"ఏందిరా, పొద్దటి సంది డబ్బకు పరీక్ష పెడ్తున్నవు?"

"దాని తాకత్ ఎంతనో చూస్తున్న చిన్నమ్మా."

"ఎంతచ్చింది?"

చెప్పాను.

"పాసా, ఫెయిలా?"

"గట్లుండదు. వేరేదానితోటి పోల్చి చూడాలె."

"మరి వేరేదేది?"

ఇంకోసారి నడిపాను, స్కోరు తగ్గింది. మళ్లీ నడిపాను, పెరిగింది. ఏది నమ్మాలో తెలియక డబ్బా మీద ఒక్కటి చరిచాను.

"కొట్టకు. అది నీ సేఠ్ కాదు" అంది చిన్నమ్మ.

తర్వాత ఒక వీడియోలో తెలిసింది. పక్కన ఏదో డౌన్‌లోడ్ అవుతుంటే, వైరస్ వెతికే ప్రోగ్రాం నడుస్తుంటే స్కోరు పడిపోతుంది. అన్నీ మూసేసి, కాసేపు ఆగి నడపాలి. ఒక్కసారి వచ్చిన నంబరును నమ్మకూడదు. మూడుసార్లు నడిపి, మధ్యలో వచ్చినదాన్ని తీసుకోవాలి. ఎక్కువ వచ్చినదాన్ని చూసి మురవకూడదు, తక్కువ వచ్చినదాన్ని చూసి ఏడవకూడదు. ఇది చిన్నమ్మకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ రోజు నుంచి అదే పట్టుకుంది. కూరగాయల బండివాడిని కూడా వదల్లేదు.

"భయ్యా, తీన్ బార్ తోలో. బీచ్‌వాలా లేంగే."

"మౌసీ, బైంగన్ హై, సోనా నహీ" అన్నాడు వాడు, వంకాయలే కదా, బంగారమా అని.

మూడుసార్లు తూపించే పిచ్చిది వచ్చిందని గల్లీ అంతా నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది. కానీ తూపించుకుంది.

స్కోరులో రెండు నంబర్లు వచ్చేవి. లోపల ఉండే కోర్లలో ఒక్కటే పనిచేస్తే ఎంతో ఒకటి, అన్నీ కలిసి పనిచేస్తే ఎంతో ఇంకోటి. అమ్మినవాడు నాకు ఆ పెద్ద నంబరే చూపించి ఊదరగొట్టాడు. ఇది చిన్నమ్మకు చెప్తూ నేనే చిక్కుపడ్డాను.

"అంటే పదిమంది కూసొని కోస్తే ఎన్ని చీరలు, ఒక్కతే కోస్తే ఎన్ని. గదే కదా?"

"గదే."

"మరి నీ పనికి ఏది గావాలె?"

"బొమ్మ గీసేటప్పుడు ఒక్కదాని చెయ్యి ఉరకాలె. ఆఖరుకు ఫైలు తీసేటప్పుడు అందరు గావాలె."

"గీసుడు ఎక్కువనా, తీసుడు ఎక్కువనా?"

"గీసుడే ఎక్కువ."

"అయితే వాడు నీకు పదిమందిని సూపిచ్చి, ఒక్కదాన్ని అంటగట్టిండు. గా ఒక్కతి కూడ ముసల్ది."

అంతే సంగతి. ఆ ముసలిదానితోనే నేర్చుకున్నాను. డిస్కుకు వచ్చిన స్కోరు అన్నిటికంటే అధ్వానంగా ఉందని పరీక్షలోనే తేలింది. దుకాణాలు తెరిచాక పాత డిస్కు తీసేసి, గిర్రున తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు వేశాను. ఫైలు తెరిస్తే ఆగడం తగ్గింది. "పక్కోని స్కోరు తోటి నీకేం పని? నిన్నటి నీ స్కోరు సూసుకో" అనేది చిన్నమ్మ. బతకడానికి చెప్పిన మాట కాదది. కంప్యూటర్ గురించే చెప్పింది. కానీ నేను దాన్ని కారఖానాలో కూడా వాడుకున్నాను.

ఆ దసరాకు కారఖానాలు మళ్లీ నడుస్తున్నాయి, చీరల మూటలూ వస్తున్నాయి. దసరాకు మావాళ్లు మగ్గాలు తుడిచి, నూనె వేసి, బొట్టు పెడతారు. నేను పాళీ నుంచి ఇంటికి వచ్చేసరికి కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు, పైన బంతిపువ్వు. చిన్నమ్మ ముఖం వెలిగిపోతోంది.

"దాని అరుపు బంద్ చేసిన. వినురా."

నిజమే. లోపలి ఫ్యాన్ కొన్ని వారాలుగా కీచుమంటోంది. ఇప్పుడు చప్పుడు లేదు. తలుపు కోసమని కారఖానా నుంచి నేను తెచ్చి పెట్టిన మగ్గం నూనె, ఆ చిన్న సీసా, ఆమె పక్కనే ఉంది. మాకు కీచుమనేది ఏదైనా నూనె అడిగినట్టే. తలుపు, కుట్టుమిషను, కుళాయి, ఏదైనా. నాకూ సంతోషమే అయింది. చప్పుడంటే నాకు పడదని ఆమెకు తెలుసు.

చలికాలం అంతా బాగానే నడిచింది. ఎండలు మొదలయ్యాక, రింగ్ రోడ్డు మార్కెట్లో డిజైన్ స్టూడియో నడిపే ఒకాయన దాకా నా పని చేరింది. ఆయన్ని అందరూ భాయ్ అంటారు. నా డిజైన్లు చూశాడు. బాగున్నాయన్నాడు. ఇంట్లో కూర్చొని చేసే పని ఇస్తానన్నాడు. కానీ అంతకుముందు ఇళ్లలో పనిచేసిన వాళ్ల మెషీన్లు సరుకు ఇచ్చే రోజే ఆగిపోయి, మిల్లువాళ్లు ఆయన్ని తిట్టారట. కాబట్టి ఆయనకొక షరతు. మధ్యాహ్నం ఎండలో, వీడియో కాల్‌లో తన కళ్ల ముందు, ఆగకుండా సాగే పొడుగు పరీక్ష నడపాలి. తను చెప్పిన నంబరు దాటాలి. దాటితే పని. లేదంటే మగ్గమే.

ఆ నంబరును మేము గీత అనుకునేవాళ్లం. రాత్రి పాళీ ఉన్న వారాల్లో పగలు ఇంట్లో ఉంటాను కాబట్టి, మధ్యాహ్నాలు నడిపి చూసేవాణ్ని. పరీక్ష మొదట్లో గీతకు పైనే ఉండేది. సగం దాటేసరికి జారిపోయేది. లోపల వేడెక్కితే మెషీన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందని నాకు తెలుసు. మేడ మీది గది, పైకప్పు కాలిపోతోంది. డబ్బా పక్కరేకు విప్పి పెట్టాను. పైపైన బ్రష్‌తో దులిపాను. ఎండలే కారణం అనుకున్నాను.

"ఎంతచ్చింది?"

"గీతకు జర కింద."

"నడిమిదేనా?"

"నడిమిదే."

మా గదిలో టేబుల్ ఫ్యాన్ ఒక్కటే. పైన ఫ్యాన్ ఉంది గాని, అది వేస్తే ఒళ్లోని చీర ఎగురుతుందని చిన్నమ్మ ఎప్పుడూ వెయ్యనివ్వదు. టేబుల్ ఫ్యాన్ స్టూలు మీద, ఆమె గోడ వైపు ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె లేచి దాన్ని కంప్యూటర్ వైపు తిప్పింది. నాకు వద్దనే మాట రాకముందే వెళ్లి కూర్చుంది. "నాకు చెమట పడ్తే తుడుసుకుంట. దానికి చేతులున్నయా?" అంది.

స్కోరు కాస్త లేచింది. గీత ఇంకా దూరంగానే ఉంది. ఆ రోజు నుంచి ఫ్యాన్ అటే. జార్జెట్ చీరలు ఒళ్లో వేసుకొని, చెమట చీర మీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకొని, ఆమె కత్తిరించేది.

కారఖానాలో నా పక్క మగ్గాలు నడిపే అతన్ని బావ అంటాను. అతను ఒక ఉపాయం చెప్పాడు. అతని మేనల్లుడి దగ్గర ఆటలాడే పెద్ద కంప్యూటర్ ఉంది, దాంట్లో నడిపి చూపించేద్దాం, భాయ్‌కేం తెలుస్తుందని. ఇంటికి వచ్చి చిన్నమ్మకు కూడా చెప్పాడు. ఆమె కత్తెర ఆపకుండా విన్నది.

"మంచిగున్నది అల్లుడా. మరి రేపు పనొస్తే చేసేది ఎవడు? నీ మేనల్లుని డబ్బనా, గీ డబ్బనా?"

బావ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

భాయ్ వీడియో కాల్‌కు రోజు చెప్పాడు. ఆ రోజు రాకముందే చిన్నమ్మకు జ్వరం వచ్చింది. అప్పటికి సూరత్‌లో రెండోసారి కరోనా విరుచుకుపడింది. నేను ఫ్యాన్ ఆమె వైపు తిప్పాను. బయటికి వెళ్లి మందులు తెచ్చేసరికి అది కంప్యూటర్ వైపు ఉంది. అరిచాను. మళ్లీ తిప్పాను.

కింద ఉండే ఒడియా వాళ్ల దగ్గర వేలికి పెట్టి ఊపిరి చూసే యంత్రం తెచ్చాను. పెట్టాను.

"ఎంతచ్చింది?"

చెప్పాను.

"పాసా, ఫెయిలా?"

"గీతకు జర కింద ఉన్నది చిన్నమ్మా."

"మల్ల పెట్టు. మూడుసార్లు సూడాలె."

పెట్టాను. మూడు నంబర్లూ విన్నది. కళ్లు మూసుకొని నడిమిది తనే చెప్పింది. నడిమిది కూడా గీతకు కిందే. "అయితే నడువు" అంది. ఆమె కూర్చున్న చోటి నుంచి తలుపు దాకా రావడానికే గోడ పట్టుకొని ఆగాల్సి వచ్చింది. గడప దగ్గర వెనక్కి తిరిగింది.

"నేను లేనప్పుడు గాలి గాడెందుకు దండుగ? దాని దిక్కు తిప్పు."

తిప్పాను. ఆటోలో ఆసుపత్రుల ముందు తిరిగాం. మంచం లేదన్నచోట వాళ్లు చేతులెత్తి దండం పెట్టారు. నేను ఎవరి గల్లా పట్టుకోవాలి? పట్టుకోవడానికి ఎవరూ దొరక్కపోవడమే నా కోపం. చివరికి ఒకచోట తీసుకున్నారు. లోపలికి నన్ను రానివ్వలేదు. తర్వాత ఒకరోజు వార్డులో పనిచేసే ఒకమ్మ దయతలచి తన ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది. మాస్కు లోపల నుంచి ఊపిరి చప్పుడే ఎక్కువగా వినిపించింది. మాట ఒక్కటే.

"ఎంతచ్చింది?"

"ఇంక పెట్టలేదు చిన్నమ్మా. నువ్వొచ్చినంక పెడ్త" అన్నాను.

ఆమె మాట వినడం అదే చివరిసారి.

చిన్నమ్మ పోయాక భాయ్ నా ఫోన్‌కు దండం బొమ్మ పంపాడు. కొన్ని రోజులు ఆగి, తప్పిపోయిన టెస్ట్ మళ్లీ ఎప్పుడని అడిగాడు. ఆయన్ని తప్పు పట్టను. మిల్లువాళ్లు ఆయన్ని అడుగుతారు. రేపు మధ్యాహ్నం అని రాశాను. ఎందుకు రాశానో తెలియదు. గీత దాటదని తెలుసు.

మరునాడు పొద్దున డబ్బా ముందు కూర్చున్నాను. కుంకుమ బొట్టు ఎండిపోయి, సగం రాలిపోయి ఉంది. చేతులు ఊరికే ఉండలేక, ఎప్పుడూ విప్పని లోపలి ఫ్యాన్‌ను ఆ రోజు విప్పాను. దాని కింద వేడి బయటికి పోవడానికి పల్చటి రేకుల వరసలుంటాయి. రేకులు కనపడలేదు. వాటి మీద పరుపులా ఒక పొర పేరుకొని ఉంది. ఎరుపు, పచ్చ, నీలం నూగు, మధ్యలో మెరిసే జరీ ముక్కలు. నూనెకు అంటుకొని, అణిగి, గట్టిపడి. దసరా నాటి నూనె ఫ్యాన్‌తో పాటు తిరిగి రేకుల మీద చిందింది. ఆమె కత్తిరించిన దారం ఎగిరొచ్చి దానికి అంటుకుంది. చలికాలంలో అది తెలియలేదు. ఎండల్లో టేబుల్ ఫ్యాన్ ఆమె వైపు నుంచి ఇటు తిరిగాక, ఆ గాలి ఇంకా నూగును తెచ్చి ఇందులో కుక్కింది.

చాలాసేపు చూశాను. కోపం రావాలి. నవ్వన్నా రావాలి. ఏదీ రాలేదు.

కత్తెర మొనతో అంచు లేపితే పొర ఒక్క ముక్కగా ఊడివచ్చింది. అరచేతిలో పట్టేంత బట్ట. ఎవరూ నేయని బట్ట. చెత్తబుట్టలో వేశాను. కాసేపాగి తీసి కిటికీలో పెట్టాను. రేకులకు అంటిన నూనె తుడిచాను. వేడి లాగే కొత్త పేస్టు తెచ్చి రాసి, అన్నీ బిగించాను.

మధ్యాహ్నం భాయ్ కాల్ చేశాడు. ఫోన్‌ను కంప్యూటర్‌కు ఎదురుగా నిలబెట్టాను. పరీక్ష మొదలైంది. సగం దాటింది. జారలేదు. చివరిదాకా వెళ్లి, గీత దాటి, ఎప్పుడూ చూడని నంబరు చూపించి ఆగింది.

"అరే వాహ్. బస్, హో గయా. సోమ్‌వార్ సే ఫైల్ భేజ్తా హూ" అని భాయ్ కాల్ పెట్టేశాడు.

సోమవారం నుంచి ఫైళ్లు వస్తాయి. అంటే ఇక మగ్గం లేదు. ఆ మాట గదిలో చెప్పడానికి తల తిప్పాను. ఆ గోడ దగ్గర ఎవరూ లేరు.

మళ్లీ పరీక్ష పెట్టాను. రెండోసారి కొంచెం తగ్గింది. మూడోసారి పెట్టాను. అది నడుస్తుండగా లేచి, స్టూలు మీద టేబుల్ ఫ్యాన్‌ను ఆమె గోడ వైపు తిప్పాను. నంబరు వచ్చింది. ముందు రెండింటికీ మధ్యలో ఉంది. దాన్నే తీసుకున్నాను.

ఎంతచ్చిందని ఎవరూ అడగలేదు. ఆ గోడకు ఆమె వీపు ఆని ఆని సున్నం రాలిపోయిన చోట ఒక జరీ ముక్క అంటుకొని ఉంది. ఫ్యాన్ గాలికి అది ఊగుతోంది. ఊడిపోవడం లేదు.